సంకల్పంలో మన చిరునామా

(కార్తిక మాసంలో సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



'నిత్యజీవితంలో భక్తి, ధర్మం' అనే అంశంపై మాట్లాడవలసిందిగా నిర్వాహకులు నన్ను ఆదేశించారు. న్యాయస్థానాలలో వాదించుకునే వారికి భక్తితో ఏమి పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. పురాణ ప్రవచనం చెప్పగల పాండిత్యం నాకు లేదు. అయితే మన ఇళ్ళలో జరిగే ప్రతి పూజలోనూ న్యాయవాది కంటికి వెంటనే కనిపించే పత్రం ఒకటి ఉన్నది. అదే సంకల్పం.

న్యాయస్థానంలో ఏ అర్జీ దాఖలు చేసినా మొదట నాలుగు సంగతులు చెప్పాలి. అర్జీదారు ఎవరు, ఎక్కడివారు, ఏ తేదీన అడుగుతున్నారు, ఏమి కోరుతున్నారు. సంకల్పంలో ఈ నాలుగూ వరుసగా ఉన్నాయి. సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, తిథి, వారం చెప్పి కాలాన్ని నిర్ణయిస్తాము. గోత్రనామాలు చెప్పి మనమెవరమో తెలియజేస్తాము. ఏ ఫలాన్ని కోరి పూజ చేస్తున్నామో విన్నవిస్తాము. వీటితోపాటు మన ఇల్లు ఎక్కడ ఉన్నదో కూడ చెబుతాము. తెలుగు సంప్రదాయం పాటించే ఇళ్ళలో ఆ చిరునామా చెప్పే పద్ధతి ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. శ్రీశైలానికి మన ఇల్లు ఏ దిక్కున ఉన్నదో చెబుతాము. హోసూరులోని తెలుగువారికి అది దక్షిణం. బళ్ళారి వారికి నైరుతి. బరంపురం వారికి ఈశాన్యం. యానాం వారికి తూర్పు. చంద్రపూర్ వారికి ఉత్తరం.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురం అందులో చేరింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరుకు వెళ్ళింది. 1956లో హద్దులు మళ్ళీ మారాయి, 2014లో మరొకసారి మారాయి. రెవెన్యూ రికార్డులలో మన చిరునామా ఎన్నిసార్లు మారినా, పీటమీద కూర్చుని ఆచమనం చేసి చెప్పుకునే చిరునామా మారలేదు. ఏ ప్రభుత్వ ఉత్తర్వూ దానిని కాపాడలేదు. నిత్యపూజ మానని మన పెద్దలే కాపాడారు.

ఇక భక్తిలో భాష సంగతి చూద్దాము. చిక్కబళ్ళాపురం జిల్లా కైవారంలో తాతయ్యగారు, అంటే యోగి నారేయణ యతీంద్రులు, గాజులమ్మి జీవించిన గృహస్థు. అమరనారేయణ స్వామిని ఆయన తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తించారు. నేడు కర్ణాటక ప్రభుత్వమే ఆయన జయంతిని జరుపుతున్నది. త్యాగరాజస్వామి తిరువారూరులో 1767లో జన్మించి, తిరువయ్యారులో జీవించి, 1847లో కావేరి ఒడ్డునే సిద్ధి పొందారు. తమిళదేశం నడిబొడ్డున ఉండి తన రాముడితో తెలుగులో మాట్లాడారు. ఆయన ఉత్సవ సంప్రదాయ కీర్తనలను గమనించండి. స్వామిని మేలుకొలపడం, ఉపచారాలు చేయడం, హారతి ఇవ్వడం, పవ్వళింపజేయడం, ఇవే ఆ కీర్తనల విషయాలు. ఇంట్లో బిడ్డకు తల్లి చేసే పనులకూ వీటికీ భేదం లేదు. నిత్యజీవితమే భక్తి అయిన తీరు ఇది.

తంజావూరు జిల్లా మెలట్టూరు పేరు మీలో చాలామంది విని ఉంటారు. నాయకరాజు అచ్యుతప్ప నాయకుని కాలంలో తెలుగు కుటుంబాలకు ఇచ్చిన అగ్రహారమది. నృసింహ జయంతికి అక్కడ భాగవత మేళా జరుగుతుంది. వెంకటరామశాస్త్రి రచించిన 'ప్రహ్లాద చరిత్రము' తెలుగులోనే రాత్రంతా ప్రదర్శిస్తారు. పాత్రధారులందరూ పురుషులే. వారికది వినోదం కాదు, స్వామికి చేసే కైంకర్యం. బరంపురంలో రెండేండ్లకొకసారి జరిగే ఠాకురాణీ యాత్రలో అమ్మవారు తెలుగు మూలాలు గల దేరా నేతవారి పెద్ద ఇంటికి ఆడపడుచుగా, పుట్టింటికి వచ్చినట్లు వస్తుంది. నగరమంతా, ఏ భాషవారైనా, ఆమెను అక్కడే దర్శించుకుంటారు.

ఇంతవరకు చెప్పినవి మనకు గర్వకారణాలు. ఇప్పుడు బాధ కలిగించే సంగతి చెప్పాలి.

నేడు మన ఇళ్ళలో ఎందరో పిల్లలు తెలుగు కీర్తనలు చక్కగా పాడుతున్నారు. వారి చేతిలోని పుస్తకం చూస్తే అది తమిళ లిపిలోనో, కన్నడ లిపిలోనో, ఒడియా లిపిలోనో, దేవనాగరిలోనో ఉంటుంది. అలా వ్రాసుకోవడం దోషం కాదు. ఆ లిపులే లేకపోతే ఎన్నో కీర్తనలు మనకు దక్కేవి కావు. అలా వ్రాసి దాచుకున్న పెద్దలకు మనం ఋణపడి ఉన్నాము. కాని ఒక తరం లిపిని కోల్పోతే రెండవ తరం అర్థాన్ని కోల్పోతుంది. మూడవ తరానికి నాలుకమీద శబ్దం మాత్రమే మిగులుతుంది. అమ్మమ్మ అర్థం తెలిసి పాడిన పాటను మనవరాలు రాగం కోసం పాడుతుంది.

అర్థం పోతే నష్టమేమిటి, భగవంతుడు భావం చూస్తాడు కదా అని కొందరంటారు. నిజమే, భగవంతునికి నష్టం లేదు. నష్టం మనకు. భక్తి నడవడిలోకి దిగినప్పుడే ధర్మమవుతుంది, అది దిగే మార్గం అర్థం. భాగవతంలో రంతిదేవుడు నలుబది ఎనిమిది దినాలు ఉపవాసమున్న తరువాత దొరికిన అన్నాన్ని అతిథులకు పెట్టి, మిగిలిన కొద్దిపాటి నీటిని కూడ దాహమని వచ్చినవానికి ఇచ్చివేశాడు. ఆ కథ అర్థమైన పిల్లవాడు వాకిట నిలిచినవారిని చూచే చూపు వేరుగా ఉంటుంది. అర్థం కాని పిల్లవానికి అది పరీక్షలో రాని పాఠం మాత్రమే.

మన పూర్వులకు ఈ రహస్యం తెలుసు. అందుకే వ్రతం చివర కథ పెట్టారు. పూజ ఎంత శ్రద్ధగా చేసినా కథ వినకుండా, అక్షతలు శిరసున వేసుకోకుండా వ్రతం పూర్తికాదు. మంత్రం సంస్కృతంలో ఉన్నా కథ ఇంటి భాషలో చదువుతారు, ఎందుకంటే దానిని ఇంటిల్లిపాదీ గ్రహించాలి. ఇంటి ఇల్లాలే చదివిన రోజులున్నాయి. ఆ ఆచారంలో ఆమె ఆ పూటకు ఇంటి గురువు. ఇప్పుడు చాలా ఇళ్ళలో సెల్‌ఫోన్‌లో కథ పెట్టి అందరూ ప్రసాదం కోసం ఎదురుచూస్తున్నారు.

కార్తికంలో సత్యనారాయణ వ్రతం చేసుకోని తెలుగు ఇల్లు అరుదు. అందులోని వర్తకుని కథ అందరికీ తెలిసినదే. పడవ నిండా ధనం నింపుకొని వస్తున్న వర్తకుని ఒక యతి పలుకరించి పడవలో ఏమున్నదని అడుగుతాడు. వర్తకుడు ఆకులూ తీగెలూ అని చెబుతాడు. అలాగే అగుగాక అని యతి వెళ్ళిపోతాడు. చూచుకుంటే పడవలో ఉన్నవి ఆకులూ తీగెలే.

సోదరులారా, జనగణన సిబ్బంది మన గుమ్మం ముందు నిలిచి మాతృభాష ఏదని అడిగినప్పుడు మనం చెబుతున్న సమాధానం ఏమిటి? ఇంట్లో మాట్లాడేది తెలుగు, పూజ చేసేది తెలుగు, బిడ్డను జోకొట్టేది తెలుగు. కాని వ్రాయించేది మరొక భాష. ఎందుకొచ్చిన గొడవ అనో, పిల్లవాడికి ఇబ్బంది అనో, అడిగినవారే వ్రాసుకుంటారులే అనో ఊరుకుంటున్నాము. పడవ నిండా ధనముండగా ఆకులని చెబుతున్నాము. తరువాత తెలుగు బడి కావాలని అర్జీ పెడితే అధికారి లెక్కలు తీసి, ఈ ఊరిలో తెలుగువారే లేరు కదా అంటాడు. ఆ అధికారిని తప్పుపట్టలేము. మనం చెప్పినదే ఆయన చదివాడు. సత్యం పలకడం ఇక్కడ మోక్షానికే కాదు, బడికి కూడ అవసరమైన ధర్మం.

చట్టం మనకేమిచ్చిందో క్లుప్తంగా మనవి చేస్తాను. రాజ్యాంగం 29వ అధికరణం ప్రత్యేకమైన భాష, లిపి, సంస్కృతి గల పౌరులకు వాటిని పరిరక్షించుకునే హక్కు ఇచ్చింది. లిపి అన్న మాట అందులో విడిగా ఉన్నదని గమనించండి. 30వ అధికరణం భాషా అల్పసంఖ్యాకులకు తమ విద్యాసంస్థలను స్థాపించి నడుపుకునే హక్కు ఇచ్చింది. భాషా అల్పసంఖ్యాకులెవరో రాష్ట్రాన్ని ప్రమాణంగా తీసుకొని నిర్ణయించాలని సుప్రీంకోర్టు 2002లో టి.ఎం.ఏ. పాయ్ ఫౌండేషన్ కేసులో చెప్పింది. దేశమంతటా కోట్లాదిమంది ఉన్నా, మనం నివసించే రాష్ట్రంలో మనం అల్పసంఖ్యాకులమే. 1956లో చేర్చిన 350-ఏ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించేందుకు ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలని ఆదేశించింది.

వీటికి తోడు, 1949లో విద్యామంత్రుల సమావేశం అంగీకరించి, 1956లో కేంద్రం మళ్ళీ ధ్రువపరచిన ఒక లెక్క ఉన్నది. ఒక తరగతిలో పదిమంది గాని, బడి మొత్తంమీద నలభైమంది గాని అల్పసంఖ్యాక భాష పిల్లలుంటే ప్రాథమిక దశలో ఆ భాషలో బోధించే ఉపాధ్యాయుని ఏర్పాటు చేయాలి. ఇది శాసనం కాదు, ప్రభుత్వాలు ఇచ్చిన హామీ. కోర్టుకు వెళ్ళగానే తీర్పు వస్తుందని నేను మభ్యపెట్టను. కాని హామీని నిలుపుకోమని అడగడానికి ముందుగా పదిమంది పిల్లల పేర్లు కావాలి.

ఆ పదిమంది ఎక్కడున్నారు? శనివారం సాయంకాలం మన రామమందిరంలో భజనకు వస్తున్నారు. ప్రసాదం పంచేటప్పుడు లెక్కపెట్టండి. చాలా ఊళ్ళలో పదికి మించే ఉంటారు. భజన మండలిని ఏర్పాటు చేసుకోవడానికి మనకు ఎవరి అనుమతీ అవసరం లేదు. ఆ పిల్లలకే భజన తరువాత పావుగంట అక్షరాలు దిద్దించవచ్చు. ఆ తల్లిదండ్రుల సంతకాలతోనే విద్యాధికారికి అర్జీ ఇవ్వవచ్చు. మందిరం నుంచి బడికి దారి ఇలా వేసుకోవాలి.

ఒక హెచ్చరిక కూడ చేయడం నా విధి. మన భాషాభిమానం పొరుగు భాషమీద ద్వేషంగా మారితే అది ధర్మమార్గం కాదు. తిరుమలలో ధనుర్మాసమంతా సుప్రభాతానికి బదులు గోదాదేవి తమిళ తిరుప్పావై వినిపిస్తారు. ఆ గోదాదేవి కథనే శ్రీకృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద'గా తెలుగులో రచించారు. పురందరదాసుల కన్నడ పదాలు మన ఇళ్ళలో పాడుకుంటున్నాము. త్యాగరాజస్వామి శిష్యుడు వాలాజపేట వేంకటరమణ భాగవతార్ సౌరాష్ట్ర సమాజానికి చెందినవారు. తిరువయ్యారులో స్వామి సమాధికి మందిరం కట్టించి, ఆరాధనలో స్త్రీలు పాడే హక్కు కోసం నిలిచిన బెంగుళూరు నాగరత్నమ్మగారు మైసూరు సీమలో పుట్టిన విదుషీమణి. మన కీర్తనలను ఇందరు కాపాడినప్పుడు, మనం ఉన్న రాష్ట్రపు భాషను మన పిల్లలు శ్రద్ధగా నేర్చుకోవడం కృతజ్ఞత. దానిని నేర్చుకోవడమూ ధర్మమే, దానికోసం తల్లిభాషను వదలకపోవడమూ ధర్మమే.

చివరగా నాలుగు విన్నపాలు. సంధ్యాదీపం పెట్టిన తరువాత పావుగంట సేపు ఇంట్లో తెలుగు పుస్తకం తెరవండి. ఈసారి వ్రతకథను పెద్దలు కాక, పిల్లలచేత తెలుగు లిపిలో చదివించండి. తప్పులు పోతే పోనివ్వండి, సత్యదేవుడు కోపించడు. మీ వీధిలోని పదిమంది పిల్లల పేర్లతో అర్జీ వ్రాసి, దాఖలు రసీదు తీసుకొని భద్రపరచండి. జనగణన సిబ్బంది వచ్చినప్పుడు మాతృభాష తెలుగు అని స్పష్టంగా చెప్పి, వ్రాసిన దానిని ఒక్కసారి చదివి వినిపించమనండి.

2022లో ప్రాణహిత పుష్కరాలకు ఆ ఒడ్డున సిరొంచలో, ఈ ఒడ్డున కాళేశ్వరంలో ఒకే నీటిలో మునిగాము. 2027లో గోదావరి పుష్కరాలు రానున్నాయి. యానాం నుంచి నాందేడ్ వరకు మన కుటుంబాలు ఆ నదీతీరాన నిలిచి సంకల్పం చెప్పుకుంటాయి. అప్పటికి మన బిడ్డలు తాము ఎక్కడివారమో పురోహితుని వెంట పలకడమే కాక, ఇంటికి వచ్చి ఆ మాటలను తమ చేతితో తెలుగులో వ్రాయగలగాలి. దానికి నేటి సాయంత్రమే మొదటి అక్షరం దిద్దించండి.