జ్యూస్ తాగి పిప్పి పారేస్తున్నారా? ఒక్క నిమిషం ఆగండి

పోయిన నెల ఒక ఎపిసోడ్‌లో క్యారెట్, బీట్‌రూట్ జ్యూస్ చేసి చూపించాను, గుర్తుందా? అందులో నేనొక తప్పు చేశాను. జ్యూస్ గ్లాసులో పోసి, మిగిలిన పిప్పిని కెమెరా ముందే చెత్తబుట్టలో వేశాను. పైగా "దీంతో మనకు పని లేదు" అని డైలాగ్ కూడా కొట్టాను. ఈ రోజు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా.

ఆ తప్పు నాకు చూపించింది మా నాయన. మాది పుంగనూరు దగ్గర పల్లె. నాయన టమాటా పండిస్తాడు. ఆ రోజు షూటింగ్ అయినాక బకెట్ చూసి, "ఏమిరా, ఇంత పారేసినావు?" అన్నాడు. "అది ఉత్త పిప్పి నాయనా, సారమంతా గ్లాసులోకి వచ్చేసింది" అన్నాను.

ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "రేటు లేక, మదనపల్లె దాకా ఆటో బాడుగ కూడా గిట్టక, కాయలు రోడ్డు పక్కన పారబోసినోణ్ణి నేను. అప్పుడు నాకు వేరే దారి లేకపోయింది. నీకేమొచ్చింది?"

మదనపల్లె మార్కెట్ గురించి మీకు తెలుసు. 2023 జులైలో అక్కడ కిలో టమాటా 150 రూపాయలు దాటింది. అదే మార్కెట్లో సరుకు ఎక్కువైన రోజుల్లో కోత కూలి కూడా రాదు. అట్లాంటి ఇంట్లో పుట్టి నేను తిండి పారేస్తూ వీడియో తీశాను. సిగ్గేసింది.

సరే, మనం ఇంజనీరింగ్ చదివినోళ్ళం కదా, కొలిచి చూద్దామనుకున్నా. కిలో క్యారెట్ మా జ్యూసర్‌లో వేస్తే సుమారు 550 గ్రాముల జ్యూస్ వచ్చింది. పిప్పి 400 గ్రాములు దాటింది. అంటే కిలోకు డబ్బులిచ్చి, సగానికి దగ్గర దగ్గర బకెట్లో వేస్తున్నాం. మీ మెషీన్‌ను బట్టి ఈ లెక్క కొంచెం అటూ ఇటూ ఉంటుంది.

ఇంతకీ ఆ పిప్పిలో ఏముంది? పీచు. జ్యూసర్ చేసే పనే అది. నీళ్ళు, వాటితో పాటు చక్కెర గ్లాసులోకి పోతాయి, పీచులో ఎక్కువ భాగం పిప్పిలో ఉండిపోతుంది. క్యారెట్‌కు ఆ నారింజ రంగునిచ్చే కెరోటిన్ కూడా కొంత అందులోనే మిగులుతుంది. పిప్పి రంగు చూస్తేనే తెలుస్తుంది.

ఇక్కడ ఇంకో విషయం ఒప్పుకోవాలి. నేను జ్యూసర్ కొన్నదే నాయన కోసం. ఆయనకు షుగర్ ఉంది. రోజూ పొద్దున్నే పెద్ద గ్లాసు జ్యూస్ ఇస్తే మంచిదే కదా అనుకున్నా. చెకప్‌కు పోయినప్పుడు డాక్టర్ అడిగితే గొప్పగా చెప్పాను. ఆయన నవ్వి, "మూడు క్యారెట్లు నమిలి తినమంటే తింటాడా? తినలేడు. జ్యూస్ అయితే రెండు నిమిషాల్లో తాగేస్తాడు. తేడా అక్కడుంది" అన్నారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు కూడా జ్యూస్ కన్నా పండు పండుగా తినడమే మేలంటాయి.

కాబట్టి క్లియర్‌గా చెప్తున్నా. పిప్పి మందు కాదు. పొద్దున జ్యూస్ తాగి, సాయంత్రం పిప్పి చపాతీ తింటే లెక్క సరిపోతుందని కూడా అనుకోవద్దు. షుగర్ ఉన్నోళ్ళు ముందు జ్యూస్ తగ్గించాలి. ఇంట్లో మిగతావాళ్ళు తాగినప్పుడు వచ్చే పిప్పిని ఏం చేయాలన్నదే ఈ రోజు మన టాపిక్.

అసలు పిప్పి వాడుకోవడం మన జిల్లాకు కొత్తా? చెరకు గానుగాడితే ఆ పిప్పినే ఎండబెట్టి, బెల్లం పెనం కింద మంట వేస్తారు. శెనక్కాయలు గానుగ పడితే మిగిలిన చెక్క ఆవులకు పెడతారు. బీరకాయ పొట్టుతో పచ్చడి చేస్తాం. ఒక్క జ్యూసర్ దగ్గరికొచ్చేసరికే మర్చిపోయాం, ఎందుకంటే ఆ మెషీన్‌తో పాటు చెత్త డబ్బా కూడా వచ్చింది!

ఇప్పుడు పనిలోకి వద్దాం. ముందు ఒక రూల్: జ్యూసర్‌లో వేసే ముందే కడగండి, క్యారెట్, బీట్‌రూట్ చెక్కు తీయండి, ఆపిల్ గింజలు తీసేయండి. తర్వాత పిప్పిలో ఏరుకోలేం.

ఒకటి, తాళింపు కూర. ఇది కుప్పంలో మా పెద్దమ్మ నేర్పింది. వాళ్ళింట్లో తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినపడతాయి, అందుకే దీన్ని ఒకరు పొరియల్ అంటారు, ఒకరు పల్యం అంటారు. రెండు స్పూన్ల నూనెలో ఆవాలు, శెనగపప్పు, మినప్పప్పు, కరివేపాకు, సన్నగా తరిగిన ఒక ఎర్రగడ్డ, రెండు పచ్చిమిరపకాయలు. ఎర్రగడ్డ మెత్తబడినాక ఒక కప్పు క్యారెట్ లేదా బీట్‌రూట్ పిప్పి, ఉప్పు. చెయ్యి తడిపి కొంచెం నీళ్ళు చల్లి, మూత పెట్టి 5 నిమిషాలు. దించే ముందు రెండు స్పూన్ల వేయించిన శెనక్కాయల పొడి. పిప్పి తీపి తగ్గి చప్పగా ఉంటుంది కాబట్టి ఆ పొడి మానొద్దు. నూనె కూడా మరీ పిసినారితనం వద్దు, కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కొంచెం కొవ్వు కావాలి.

రెండు, చపాతీ. రెండు కప్పుల గోధుమపిండికి అర కప్పు పిప్పి. నేను మొదటిసారి మామూలుగా నీళ్ళు పోసి కలిపాను. పిండి జావైపోయింది. పెద్దమ్మ చెప్పిన కిటుకు ఏంటంటే, ముందు పిండి, ఉప్పు, పిప్పి కలిపి 5 నిమిషాలు పక్కన పెట్టాలి. ఉప్పుకు పిప్పిలోని తేమ బయటికొస్తుంది. తర్వాత ఎంత కావాలో అంతే నీళ్ళు.

మూడు, దోసె. రెండు కప్పుల పిండికి అర కప్పు పిప్పి, కొంచెం జీలకర్ర. పోసే ముందే కలపండి. రాత్రే కలిపి పెడితే బాగా పులిసిపోతుంది.

నాలుగు, ఊరుబిండి. టమాటా జ్యూస్ తీసినప్పుడు మిగిలే తోలూ గింజలూ కొంచెం నూనెలో వేయించి, వేయించిన శెనక్కాయలు, ఎండుమిరపకాయలు, తెల్లగడ్డ, కొంచెం చింతపండుతో బరకగా రుబ్బండి. రాగి సంగటిలోకి దీని తర్వాతే ఏదైనా.

అల్లం పిప్పి అయితే టీలోకి. ఆపిల్, అనాస పిప్పి అయితే రవ్వ కేసరిలోకి.

ఇప్పుడు జాగ్రత్తలు. పిప్పి తొందరగా చెడిపోతుంది. బయట వదిలేయొద్దు, ఫ్రిజ్‌లో మూత పెట్టి మరుసటి రోజుకల్లా వాడేయండి. ఎక్కువైతే ఐస్ ట్రేలో నొక్కి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. చీనీకాయ పిప్పిలో గింజలు, తెల్లతోలు ఉంటే కూరంతా చేదవుతుంది, దాన్ని ఎరువు గుంతలో వేయండి.

ముఖ్యమైంది సొరకాయ. జ్యూస్ తీసే ముందు చిన్న ముక్క నాలుకకు తగిలించి చూడండి. చేదుగా ఉంటే ఉమ్మేసి, కాయ మొత్తం పారేయండి. జ్యూసూ వద్దు, పిప్పీ వద్దు. చేదు సొరకాయ జ్యూస్ ప్రాణం మీదికి తెస్తుంది. ఐసీఎంఆర్ నిపుణుల కమిటీ కూడా ఇదే హెచ్చరిక చేసింది. ఈ ఒక్క చోట పారేయడం తప్పు కాదు.

మా ఇంట్లో ఇప్పుడు జ్యూసర్ వారానికి రెండుసార్లే తిరుగుతోంది. నాయన జ్యూస్ మానేశాడు, అన్నం ముందు ఒక క్యారెట్ నములుతున్నాడు. పోయిన ఆదివారం పిప్పి కూర పెట్టి, ఏమీ చెప్పకుండా చూస్తూ కూర్చున్నా. రెండోసారి అడిగి వేయించుకున్నాడు. "ఏం కూర ఇది?" అన్నాడు. "ఆ రోజు బకెట్లో వేసిందే నాయనా" అన్నాను. "ఉప్పు రవ్వంత తక్కువుండాది" అన్నాడు. అంతే, కంచం ఖాళీ.

ఆ పాత వీడియో డిలీట్ చేయట్లేదు. దాని కింద ఈ ఎపిసోడ్ లింక్ పెడుతున్నా. మీ ఇంట్లో అమ్మ, అవ్వ ఏ పిప్పితో, ఏ పొట్టుతో ఏం చేస్తారో అడిగి నాకు చెప్పండి. మంచివి ఏరి, వండి చూపిస్తా. ఉంటా మరి, నమస్తే.