రాజపూజ్యము - అవమానము
(షోలాపూరు ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇప్పుడే పంచాంగ శ్రవణం విన్నాము. ఈ యేడు పేరు పరాభవ. ఆ పేరు విని కొందరు నొచ్చుకున్నారు. పేరు మాట ఎట్లున్నా, మన పూర్వులు పంచాంగంలో పెట్టిన ఒక లెక్క ఈ సభలో తలచుకోదగినది. ప్రతి రాశికీ ఆదాయం ఇంత, వ్యయం ఇంత అని చెప్పి వారు ఊరుకోలేదు; రాజపూజ్యం ఇంత, అవమానం ఇంత అని కూడ చెప్పినారు. బ్రతుకులో డబ్బు లెక్క ఒక్కటే చాలదు, గౌరవ అవమానాల లెక్క కూడ చూడవలెనన్నమాట. మన కార్ఖానాలలో, దుకాణాలలో, ఆఫీసులలో మొదటి రెంటికే ఖాతా పుస్తకాలున్నవి. తక్కిన రెంటికి లేవు. పనిచోట మనిషి మనస్సు చెడడానికి ఆ లోటే చాలవరకు కారణమని మా అభిప్రాయం. దానిని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాము.

మనవారు తెలంగాణ పల్లెలనుండి ఈ ఊరికి వచ్చి తరాలు గడచినవి. నేడు మనలో మరమగ్గాల యజమానులున్నారు. ఆ మగ్గాలపై దుప్పట్లు, తువ్వాళ్ళు నేసేవారున్నారు. ఇంట కూర్చొని బీడీలు చుట్టే అక్కచెల్లెళ్ళున్నారు. పుణే వెళ్ళి కంప్యూటర్ల ముందు కూర్చున్న బిడ్డలున్నారు. పని ఇచ్చేవారు, చేసేవారు ఒకే పందిరి క్రింద ఉగాది పచ్చడి తినడం మన భాగ్యం. అందుచేత ఈ మాట చెప్పడానికి ఇంతకంటె తగిన చోటు లేదు.

మరమగ్గాల షెడ్డులో ఆ చప్పుడుకు పక్కవాని మాట వినబడదు. పాళీ పన్నెండు గంటలు సాగే చోట్లు ఇంకను ఉన్నవి. కొన్నాళ్ళు పగటి పాళీ, కొన్నాళ్ళు రాత్రి పాళీ. దేహానికి నిద్రవేళ ఏదో తెలియదు. నేసినంతకే కూలి గనుక మగ్గం ఆగితే కూలి ఆగుతుంది.

బీడీల పనిలో చప్పుడు లేదు, గుబులున్నది. వెయ్యికి ఇంత అని కూలి. తూకం వేసి ఇచ్చిన ఆకు బాగుండకపోతే లెక్క తగ్గుతుంది. ఆ తగ్గినదానికి చేతి సొమ్ముతో ఆకు కొనవలె. కట్టలు తీసుకొని పోయినప్పుడు కొన్ని పనికిరావని తీసివేస్తే ఆ కూలి పోతుంది. ఆ మాటనే పదిమందిలో కసరి అంటే, కూలితోపాటు మానం కూడ పోతుంది.

పుణేలోని బిడ్డకు మగ్గం చప్పుడు లేదు, పొగాకు ఘాటు లేదు. రాత్రి పదకొండు గంటలకు మోగే ఆఫీసు ఫోను ఉన్నది.

మూడు పనులు వేరు. బాధ ఒకటే. పని తన చేతిలో లేదు, విశ్రాంతి చాలదు, మాట పడడమే కాని చెప్పుకునే చోటు లేదు.

“మా కాలంలో మేము పడలేదా? ఇంతమాత్రానికి దిగులేమిటి?” అని పెద్దలు అడుగుతారు. పడినారు, నిజమే. కాని కొందరు ఆ బాధను సారా దుకాణంలో దింపుకున్నారు. కొందరు ఇంటికి వచ్చి ఇల్లాలి మీద దింపినారు. ఆ ఖర్చు ఏ ఖాతాలోనూ ఎక్కలేదు కాని, సంసారాలు దానిని చెల్లించినవి.

ఇది పిరికితనం కాదని శాస్త్రం చెప్పుచున్నది. పనిచోట ఎడతెగని ఒత్తిడివల్ల మనిషి లోలోపల అలసి, పనిపై విరక్తి కలిగి, చేసే పని సరిగా సాగని స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో పనికి సంబంధించిన స్థితిగా గుర్తించినది. దానిని వ్యాధి అనలేదు. అనగా చూడవలసినది మనిషిని మాత్రమే కాదు, పని తీరును కూడ. ఆ సంస్థయే అంతర్జాతీయ కార్మిక సంస్థతో కలసి 2021లో మరొక సంగతి ప్రకటించినది. వారానికి 35 నుండి 40 గంటలు పనిచేసేవారికంటె 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి పక్షవాతపు ముప్పు సుమారు నూటికి 35 వంతులు ఎక్కువ. పన్నెండు గంటల పాళీ వారానికి ఆరు రోజులైతే 72 గంటలు. లెక్క మీరే చూచుకోండి.

బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రాలలో జాతీయ సర్వే జరిపినది. పెద్దవారిలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక వ్యాధితో ఉన్నట్లు తేలినది. వారిలో చికిత్స అందనివారు, వ్యాధిని బట్టి, నూటికి 70 నుండి 92 మంది. ఈ పందిట్లో కూర్చున్న మనలోనూ అట్టివారు ఉండకపోరు.

ఇక చేయవలసినదేమి? ముందుగా యజమానులైన సోదరులకు మనవి. వారానికి 48 గంటలకు మించరాదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పినది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రతా నియమావళి కూడ రోజుకు 8 గంటల పనినే నిలిపినది. చిన్న షెడ్లకు చట్టం చేయి అందకపోవచ్చు, ధర్మం చేయి అందవలె. పాళీ ఏది, సెలవు ఎప్పుడు అన్నది ముందుగా చెప్పండి. తప్పు జరిగితే పక్కకు పిలిచి చెప్పండి, పదిమందిలో కాదు. బీడీలు తీసివేస్తే ఎందుకు తీసినారో ఆమెకే చూపండి. మేస్త్రీలకు మగ్గం సంగతే కాదు, మనిషితో మాట్లాడే తీరు కూడ నేర్పండి. జబ్బుపడి తిరిగి వచ్చినవానికి మొదటి కొన్నాళ్ళు తేలిక పని ఇవ్వండి. “పిచ్చివాడు” అన్న పేరు షెడ్డులో పుట్టనీయకండి. ఇవేవీ చేయక, ఏడాదికి ఒకనాడు యోగాసనాలు వేయించి ఊరుకుంటే ప్రయోజనం లేదు.

పనిచేసేవారికి, వారి ఇంటివారికి రెండు మాటలు. నిద్ర పట్టకపోవడం, అన్నం సయించకపోవడం, చీటికిమాటికి కోపం, పనికి పోవలెనంటే గుండెదడ, త్రాగుడు పెరగడం - ఇవి రెండు వారాలు దాటి నిలిస్తే డాక్టరుకు చూపించండి. దేవునికి మ్రొక్కండి, కాదనము. మందు మాత్రం మానకండి. బ్రతకాలని లేదన్న మాట ఎవరి నోటనైనా వస్తే తేలికగా తీసుకోకండి. ఆ మనిషిని ఒంటరిగా వదలక, వెంటనే సాయం పిలవండి. భారత ప్రభుత్వం 2022 అక్టోబరు 10న టెలీ మానస్ అనే సేవ ఆరంభించినది. 14416కు ఫోను చేస్తే పగలూ రాత్రీ ఉచితంగా మాట్లాడుతారు. తెలుగులోనూ మాట్లాడవచ్చు, మరాఠీలోనూ మాట్లాడవచ్చు. మానసిక చికిత్స పొందడం ప్రతివారి హక్కని 2017 నాటి చట్టం చెప్పుచున్నది. శరీర వ్యాధులకు ఇచ్చినట్లే మనోవ్యాధులకు కూడ బీమా కంపెనీలు ఆరోగ్య బీమా ఇవ్వవలెనని ఆ చట్టమే విధించినది.

తెలుగులో అన్నాము, దానికి కారణమున్నది. మనం బజారులో, ఆఫీసులో మరాఠీ చక్కగా మాట్లాడుతాము. అది మనకు అన్నం పెట్టిన భాష. కాని కడుపులోని దుఃఖం అమ్మ నేర్పిన మాటలోనే బయటికి వస్తుంది. తెలుగు చదవడం రాని మన పిల్లలకు కూడ ఏడుపు తెలుగులోనే వస్తుంది. కనుక మన సంఘానికి ఒక పని ఉన్నది. నెలకొక ఆదివారం, తెలుగు వచ్చిన ఒక వైద్యుని పిలిచి, వచ్చినవారి మాట గుట్టుగా వినే ఏర్పాటు చేయవలె. ఖర్చు పెద్దది కాదు. గుట్టు నిలపడమే పెద్ద పని.

ఆదాయం పెరగాలని ఉగాదినాడు అందరం కోరుకుంటాము. కోరుకోవలసినదే. దానితోపాటు ఈ పరాభవ సంవత్సరంలో మన పనిచోట మనవల్ల ఎవరికీ పరాభవం జరగరాదని కూడ కోరుకుందాము. ఇక సెలవు.