మిట్టపల్లాల గచ్చు



మా తిరుత్తణి కొండకు 365 మెట్లు. మా అమ్మ డెబ్బై ఏళ్ళు దాటాక కూడా వాటిని ఆగి ఆగి ఎక్కి దిగేది. ఆమె పడింది ఆ మెట్ల మీద కాదు, మా నడిమింట్లో. పావు అంగుళం పైకి లేచిన ఒక టైల్ అంచు కాలికి తగిలి పడింది. మణికట్టు విరిగింది. ఆరు వారాలు చేతికి కట్టు. ఆ తప్పు నాదే.

మా ఇంటి సిమెంటు గచ్చు పాతది. కడిగితే నీళ్ళు నడిమధ్యన నిలిచేవి. ఆడికృత్తికకు చుట్టాలు వస్తారని, ఆలోపల దాని మీద టైల్స్ పరిపించాలనుకున్నాను. "అయ్యవారూ, ముందు పాత గచ్చును మట్టం చేద్దాం, ఇంకో వారం పడుతుంది" అన్నాడు మేస్త్రీ. "పైన టైల్స్ వేస్తే లోపలిది ఎవరికి కనిపిస్తుంది?" అన్నాను నేను. కనిపించలేదు, నిజమే. కానీ పల్లం ఉన్న చోట టైల్ కింద బోలు మిగిలింది. కొన్నాళ్ళకు అది పగిలి అంచు లేచింది.

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో చేరింది. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం మాకు అలవాటు. అయితే మేస్త్రీతో మాట్లాడేటప్పుడు ఒక మాట రెండు భాషల్లోనూ ఒకటే: మట్టం. పని అక్కడే మొదలు కావాలి.

సన్నని ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళు నింపి, గాలి బుడగలు లేకుండా చూసి, నాలుగు గోడల మీద ఒకే ఎత్తులో గుర్తులు పెట్టండి. గుర్తుల మధ్య దారం లాగి, దారం నుంచి నేలకు అక్కడక్కడా కొలవండి. కొలత ఎక్కువ వచ్చిన చోట పల్లం, తక్కువ వచ్చిన చోట మిట్ట. పెద్ద టైల్స్ పలుచని జిగురుతో అంటించాలంటే పది అడుగుల పొడవులో తేడా అంగుళంలో ఎనిమిదో వంతుకు మించకూడదు.

రెండవది, గచ్చును చిన్న సుత్తితో తట్టండి. బోలుగా మోగిన చోట పెచ్చు ఊడదీయవలసిందే. పగుళ్ళు ఏటేటా పెరుగుతుంటే కింద నింపిన మట్టి కుంగుతోందని అర్థం. దాన్ని సరిచేయకుండా పైన ఏది పరచినా నిలవదు.

మూడవది చెమ్మ. అడుగున్నర చదరపు ప్లాస్టిక్ కాగితాన్ని నేల మీద పరచి, నాలుగు అంచులూ టేపుతో అంటించి, ఒక రోజు ఉంచండి. తీసినప్పుడు అడుగున నీటి బిందువులుంటే వినైల్ షీటు జోలికి పోకండి. చెమ్మకు జిగురు ఊడిపోతుంది. ఈ పరీక్ష ఐప్పసి, కార్తిక వానల్లో చేస్తే మరీ మంచిది.

ఇక సరిచేయడం. మిట్టలను ఉలితో చెక్కాలి. పల్లాలను గరుకుగా కొట్టి, దుమ్ము కడిగి, బాగా తడిపి, సిమెంటు పాలు పూసి, ఆ పాలు ఆరకముందే ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్ళ ఇసుక కలిపిన గారతో నింపాలి. కనీసం ఏడు రోజులు తడి ఆరకుండా చూడాలి. గారను అంచుల్లో కాగితంలాగా పలుచగా లాగితే అది పెచ్చులుగా లేస్తుంది. అంత పలుచగా కావలసిన చోటికి తనంతట తానే మట్టంగా పరుచుకునే మిశ్రమాలు ఇప్పుడు సంచుల్లో దొరుకుతున్నాయి.

తేడా మరీ ఎక్కువైతే, అంగుళం మందం గార పరుపు మీద కడప రాళ్ళు గానీ టైల్స్ గానీ వేయించండి. మిట్టపల్లాలను ఆ పరుపు సర్దుకుంటుంది. కానీ నేల ఎత్తు పెరుగుతుంది. తలుపులు తీసి అడుగున కోయించాలి. గడపల దగ్గర కొత్త మెట్టు ఏర్పడకుండా చూడాలి. గోడ వారన కొద్దిగా సందు వదలకపోతే ఎండలకు వ్యాకోచించి టైల్స్ పైకి లేస్తాయి.

పని ముగిసి, గార గట్టిపడ్డాక ప్రతి టైల్‌నూ నాణెంతో తట్టి వినండి. బోలుగా మోగితే మొహమాటపడకుండా మార్పించండి.

మా నడిమింటిని తిరిగి తవ్వి, ఈసారి మేస్త్రీ చెప్పినట్టే వేయించాను. ఖర్చు రెండింతలయింది. అమ్మ ఇప్పుడు మళ్ళీ నడుస్తోంది. కానీ ఆ చోటికి వచ్చేసరికి గోడ మీద చెయ్యి వేస్తుంది. నేలను సరిచేయించగలిగాను గానీ, ఆ భయాన్ని తీయలేకపోయాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఆ ఒక్క వారం ఓపిక పట్టండి.