సెల్‌ఫోన్‌లో పెట్టే మాట - మిల్లులో మన పేరు

(జనరల్ బాడీ సమావేశంలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



బోనసు గురించీ, కరువు భత్యం గురించీ ప్రతి సమావేశంలోనూ మాట్లాడుకుంటున్నాం. ఈ రోజు మన జేబుల్లో ఉన్న సెల్‌ఫోన్ గురించి నాలుగు మాటలు చెప్పదలిచాను.

ఇదివరకు మేస్త్రీ మీద కోపం వస్తే గేటు బయట టీ కొట్టు దగ్గర తిట్టుకునేవాళ్ళం. ఆ మాట అక్కడితో సరి. ఇప్పుడు అదే మాట వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాం. ఎవరో ఒకరు దాన్ని స్క్రీన్‌షాట్ తీసి సూపర్‌వైజర్‌కు చూపిస్తారు. మనం చెరిపేసినా ఆ ఫొటో చెరగదు.

అయితే మాట్లాడే హక్కు మనకు లేదా? ఉంది. తమిళనాడు గ్రామ బ్యాంకులో యూనియన్ పని చేసే ఒక ఉద్యోగి, తోటివారి వాట్సాప్ గ్రూపులో పై అధికారులను ఎత్తిపొడుస్తూ రాశాడు. బ్యాంకు చార్జి మెమో ఇచ్చింది. ఆయన మద్రాసు హైకోర్టు మదురై బెంచికి వెళ్ళాడు. 2023లో జస్టిస్ జి.ఆర్. స్వామినాథన్ ఆ మెమోను కొట్టివేశారు. కడుపులో బాధ వెళ్ళగక్కుకునే హక్కు ఉద్యోగికి ఉందన్నారు. సంస్థ పేరు దెబ్బతింటే మాత్రం యాజమాన్యం కలగజేసుకోవచ్చని కూడా అన్నారు.

ఈ తీర్పు మనకు అండ. కానీ ఒక సంగతి గమనించండి. ఆయనకు మెమో ఇచ్చారు గనుక దాన్ని పట్టుకుని కోర్టుకు వెళ్ళగలిగాడు. మన బదిలీ కార్మికుడికి, కాంట్రాక్టరు కింద పనిచేసే అక్కచెల్లెళ్ళకు మెమో ఎవరిస్తారు? “రేపటి నుంచి రావద్దు” అంటారు, అంతే. కారణం కాగితం మీద ఉండదు. ఇక బళ్ళారిలో జీన్స్ కుట్టే షెడ్లు చాలావరకు చిన్నవి. ఒకచోట మానేస్తే పక్కచోట పని అడగాలి. మనకంటే ముందు మన పేరు అక్కడికి చేరుతుంది.

అందుకని నోరు మూసుకోమని నేను చెప్పడం లేదు. ఇంట్లో పెళ్ళి, బిడ్డ పుట్టినరోజు, కనకదుర్గమ్మ సిడిబండి - ఫొటోలు పెట్టుకోండి. మన సంతోషం యాజమాన్యం సొత్తు కాదు. కానీ జ్వరమని సెలవు పెట్టి ఉత్సవం ఫొటో పెడితే, రేపు నిజంగా జ్వరం వచ్చిన తోటివాడిని కూడా నమ్మరు. తోటి ఆడపిల్లల ఫొటోలు వాళ్ళను అడగకుండా పెట్టవద్దు. దానివల్ల వాళ్ళ ఇంట్లో పని మాన్పించే ప్రమాదం ఉంది. మనిషిని పేరు పెట్టి, కులం పెట్టి తిట్టవద్దు. ఐటీ చట్టం 66ఎ సెక్షనును 2015లో సుప్రీంకోర్టు కొట్టివేసిన మాట నిజమే. పరువు నష్టం కేసులు మాత్రం పోలేదు.

మిషను గార్డు ఊడిందా? ఓవర్‌టైం డబ్బు ఎగ్గొట్టారా? స్టేటస్‌లో పెట్టి ఊరుకుంటే మీరొక్కరే దొరుకుతారు, మిషను అలాగే ఉంటుంది. తేదీ, షిఫ్టు, మిషను నంబరు రాసి యూనియన్ ఆఫీసుకు తెండి. యూనియన్ లెటర్‌హెడ్ మీద యాజమాన్యానికీ, ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరుకూ పంపుతాం. చేరినట్టు రసీదు తీసుకుంటాం. ఫోన్‌లో పెట్టిన మాటకు సంజాయిషీ అడిగితే, జవాబు రాయకముందే, సంతకం పెట్టకముందే మా దగ్గరికి రండి.

మన కష్టం బయటికి రావాలి. అది ఒక్కడి ఫోన్ నంబరుతో కాదు, వందమంది సంతకాలతో రావాలి.