వేన్నీళ్ల బుగ్గ దగ్గర నేర్చుకున్న పాఠం

(గరివిడిలో జరిగిన పెన్షనర్ల సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



ఏదైనా యాత్రా విశేషం చెప్పమని, పావుగంటకు మించవద్దని కార్యదర్శిగారి ఆజ్ఞ. ముప్ఫై మూడేళ్లు గుమాస్తాగా ఫైళ్లు రాసినవాణ్ణి గనుక ముందు పూర్వ వ్యవహారం, తరువాత జరిగిన సంగతి, చివర నా మనవి, ఆ వరుసలోనే చెబుతాను.

మా రెండో అబ్బాయి ఉద్యోగరీత్యా రెండేళ్లు జపాన్‌లో ఉన్నాడు. 2012లో శెలవుకు వచ్చినప్పుడు బెప్పు అనే ఊరి ఫొటోలు చూపించాడు. ఊరంతా ఎక్కడ పడితే అక్కడ భూమిలోంచి ఆవిర్లు. ఆ దేశంలో వేన్నీళ్ల బుగ్గను "ఓన్సెన్" అంటారట. 1948లో దానికి ఏకంగా ఒక చట్టమే చేశారు. భూమిలోంచి వచ్చే నీరు 25 డిగ్రీలకు తగ్గకుండా ఉన్నా, చట్టంలో చెప్పిన ఖనిజాల్లో ఏదో ఒకటి తగినంత ఉన్నా అది ఓన్సెన్ కిందికి వస్తుంది. మాత్‌సుయామా అనే ఊళ్లో దోగో స్నానశాల భవనం 1894లో కట్టినది. మన బరంపురంలో వి.వి. గిరిగారు పుట్టిన సంవత్సరం కూడా అదే. ఎంత గొప్పవాడైనా ముందు బయట సబ్బుతో ఒళ్లు శుభ్రంగా కడుక్కొని, ఆ తరువాతే కొలనులో దిగాలి. తువ్వాలు కూడా నీళ్లలో ముంచకూడదు. "నాన్నా, ఒకసారి మీరిద్దరూ రండి, టిక్కెట్లు నేను పంపుతాను" అన్నాడు.

మా ఆవిడ ఫొటోలన్నీ చూసి, "అంత దూరం ఎందుకురా? నేను ముప్ఫై ఆరేళ్లుగా అడుగుతున్న తప్తపాణి బరంపురం పక్కనే ఉంది. అదే చూపించలేదు మీ నాన్న" అంది. అబ్బాయి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఇక్కడ పూర్వ వ్యవహారం చెప్పాలి. మా ఆవిడ పుట్టిల్లు ఇచ్ఛాపురం. మా అత్తగారికి చాలాకాలం పిల్లలు లేక, తప్తపాణిలో బుగ్గ దగ్గరుండే కంధుణీదేవికి మొక్కుకున్నారట. ఆ తరువాత పుట్టింది ఈవిడ. బిడ్డను తీసుకొచ్చి ఆ నీళ్లలో స్నానం చేయిస్తానన్నది మొక్కు. ఏవో ఇబ్బందులతో అది ఆగిపోయింది. 1976లో మా పెళ్లయిన కొత్తలోనే, "మా అమ్మను, నన్ను ఒకసారి తీసుకెళ్లండి" అని అడిగింది. సరేనన్నాను.

ఆ ఏడు జమాబందీ అన్నాను. మరుసటి ఏడు ఎన్నికల పని అన్నాను. తరువాత తుఫాను లెక్కలు, పిల్లల పరీక్షలు. పని ఉన్నమాట అబద్ధం కాదు. కానీ జమాబందీ ఏడాది పొడుగునా ఉండదని మీ అందరికీ తెలుసు. శెలవు అడిగితే ఆఫీసరు ఇవ్వలేదని చెప్పడానికి కూడా లేదు, నేను అడగనే లేదు. ఆర్జిత శెలవు దాచుకుంటే రిటైరయ్యేనాడు నగదు వస్తుందన్న లెక్క ఒకటి నాది. 2008లో ఆ నగదూ వచ్చింది. మా అత్తగారు మాత్రం 1998లోనే వెళ్లిపోయారు.

2013 సంక్రాంతి వెళ్లాక ప్రయాణమయ్యాం. గరివిడిలో రైలెక్కితే చీపురుపల్లి, ఆమదాలవలస, పలాస, ఇచ్ఛాపురం మీదుగా బరంపురం. ఇచ్ఛాపురం స్టేషనులో మా ఆవిడ కిటికీలోంచి అటే చూస్తూ కూర్చుంది. బరంపురం 1936 దాకా మన మద్రాసు రాష్ట్రంలోదే. బజారులో మన భాష ఇప్పటికీ వినిపిస్తుంది, పరాయి ఊరికి వచ్చినట్టే ఉండదు. అక్కడినుంచి దిగపహండి మీదుగా సుమారు 50 కిలోమీటర్లు. చివరికంతా కొండలు, అడవి. ఒడియాలో తప్త అంటే కాగిన, పాణి అంటే నీళ్లు. బుగ్గ దగ్గర గంధకం వాసన కొడుతుంది. పైన అమ్మవారు, కింద కొలను. ఆ నీటినే గొట్టాలతో బసలోకి కూడా తెచ్చారు.

మన తూర్పు కనుమల్లో మండే అగ్నిపర్వతం లేదు కదా, నీళ్లెలా కాగుతున్నాయని నాకు సందేహం వచ్చింది. తరువాత తెలుసుకున్నాను. కొండమీద పడ్డ వాన రాతి పగుళ్లలోంచి చాలా లోతుకు దిగుతుంది. భూమిలో కిలోమీటరు లోతుకు వెళితే సుమారు 25, 30 డిగ్రీల వేడి పెరుగుతుంది. అలా కాగిన నీరు మరో పగులు దొరికితే పైకి వస్తుంది. జపాన్‌లో అగ్నిపర్వతాల వేడి తోడవుతుంది గనుక బుగ్గలు వేలల్లో ఉన్నాయి. మనకు అరుదు. భద్రాచలం దగ్గర గోదావరి ఒడ్డున గుండాలలో ఇసుక తవ్వితే వేన్నీళ్లు ఊరుతాయని మీలో కొందరు చూసే ఉంటారు. అదీ ఈ కోవలోదే.

ఇక జరిగిన సంగతి. కొలను మెట్ల దగ్గరకు వెళ్లేసరికి మా ఆవిడ ఆగిపోయింది. అప్పటికే రెండు మోకాళ్లూ అరిగిపోయి ఉన్నాయి. ఆ తడి మెట్లు దిగడం ఆమె తరం కాదు. "నేను పట్టుకుంటాను, రా" అన్నాను. "ఇద్దరం పడతాం. ముప్ఫై ఏళ్ల క్రితమైతే గెంతుకుంటూ దిగేదాన్నండీ" అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. నేను చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చాను. కొంచెం నెత్తిన జల్లుకొని, కొంచెం అరచేతిలో పట్టుకొని, "అమ్మా, వచ్చేనే" అంది. ఆ మాట అమ్మవారితో అందో, వాళ్లమ్మతో అందో నేను అడగలేదు.

బసకు వచ్చాక ఆమె స్టూలుమీద కూర్చొని బకెట్టులో కాళ్లు పెట్టుకుంది. ప్రాణం లేచొచ్చినట్టుందంది. తరువాత నేను స్నానాల గదిలోకి వెళ్లి గడియ పెట్టుకొని తొట్టిలో దిగాను. పొద్దున్నే బి.పి. మాత్ర వేసుకున్నాను. డబ్బిచ్చి వచ్చాం కదా, ఎంతసేపుంటే అంత లాభమనుకొని అరగంట ఉన్నాను. బయటనుంచి, "ఏటండీ, ఇంకా కాలేదా?" అని రెండుసార్లు అడిగింది. "ఐదు నిమిషాలు" అన్నాను. ముప్ఫై ఏడేళ్లుగా చెబుతున్న జవాబే అది.

ఒక్కసారిగా లేచి నిలబడ్డాను. కళ్లు చీకట్లు కమ్మాయి. కుళాయి పట్టుకోబోయి జారి మోకాళ్లమీద పడ్డాను. నుదురు తొట్టి అంచుకు తగిలింది. కొంతసేపు ఏమైందో తెలియదు. బయట తలుపు బాదుతున్న చప్పుడు వినిపించింది. పాక్కుంటూ వెళ్లి గడియ తీశాను. వంగలేని మోకాళ్లతో ఆవిడ తడి నేలమీద చతికిలబడి నా తల ఒళ్లో పెట్టుకుంది. "నా మొక్కు తీర్చుకోడానికొచ్చి పసుపు కుంకాలు పోగొట్టుకుందునా?" అని ఏడ్చింది. అంతకుముందు నేను ఆమె ఏడవగా చూసింది వాళ్లమ్మ పోయినప్పుడే.

బరంపురంలో డాక్టరుగారు నుదుటికి రెండు కుట్లు వేసి సంగతి విడమరిచి చెప్పారు. వేన్నీళ్లకు రక్తనాళాలు వెడల్పై రక్తపోటు తగ్గుతుంది. మాత్ర కూడా అదే పని చేస్తుంది. హఠాత్తుగా లేస్తే రక్తం కాళ్లలోకి దిగి మెదడుకు చాలదు. స్నానంలో అంత ఆరితేరిన జపాన్‌లోనే ఏటా వేలమంది వృద్ధులు, ముఖ్యంగా చలికాలంలో, ఇళ్లలోని స్నానాల తొట్లలోనే ప్రాణాలు వదులుతున్నారని తరువాత అబ్బాయి చెప్పాడు.

కాబట్టి నా మనవి. తప్తపాణికే అక్కరలేదు, ఇంట్లో కాగు నీళ్లకూ ఇది వర్తిస్తుంది. పది నిమిషాలు చాలు. భోజనమైన వెంటనే వద్దు. ముందు కాళ్లమీద, చేతులమీద నీళ్లు పోసుకొని తరువాత దిగండి. మెల్లగా లేవండి. ముందూ వెనకా మంచినీళ్లు తాగండి. షుగరు ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గి నీళ్లు కాలుతున్నా తెలియదు, వేరొకరి చేత వేడి చూపించండి. గుండెజబ్బు ఉంటే డాక్టరును అడగందే దిగవద్దు. తలుపుకు గడియ పెట్టుకోవద్దు. కీళ్లనొప్పులకు కాస్త సుఖం ఉంటుంది, అంతే. బుగ్గ నీళ్లు దొరికాయని మాత్రలు మానకండి.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. వేన్నీళ్లలో ఎక్కువసేపు ఉండటం వల్ల నాకు రెండు కుట్లు పడ్డాయి. అవి మానిపోయాయి. మా అత్తగారిని తీసుకెళ్లకపోవడానికి మందు లేదు. మీ ఇంట్లో కూడా ఎవరో ఏదో ఒక చిన్న ఊరు చూపించమని ఎప్పటినుంచో అడుగుతూ ఉంటారు. మనకిప్పుడు శెలవు చీటీ అక్కరలేదు, ఆఫీసరూ లేడు. ఈ సాయంత్రం ఇంటికెళ్లి అదేమిటో అడగండి. మెట్లు ఎక్కగలిగినప్పుడే, దిగగలిగినప్పుడే వెళ్లిరండి.

మా ఆవిడ మొదటి వరసలోనే కూర్చుంది. నేనేమైనా కలిపి చెప్పానేమో మీరే అడగవచ్చు. పావుగంటకు మించితే క్షమించండి.