ఎండను లెక్కగట్టి ఇల్లు కట్టుట

కర్ణాటక సరిహద్దున నున్న హాలహర్వి ప్రాంతపు వేసవిని శ్రోతలకు వేరుగా వర్ణింపనక్కరలేదు. ఈ సీమలో పూర్వులు కట్టిన మిద్దె దానికి తగిన సమాధానము. దళసరి రాతిగోడ, దూలములమీద మట్టికప్పు, పైన చవుడు. పగటి వేడిమి ఆ మందమును దాటి లోనికి వచ్చుసరికి ప్రొద్దు క్రుంకును. దాని స్థానమున వేయు పలుచని సిమెంటుకప్పు మధ్యాహ్నమునకు కాగి, రాత్రి ఆ వేడిమిని ఇంటిలోనికే వదలును.

వానకు మిద్దె కారును. ఏటేట చవుడు పోయక తప్పదు. కావున పాతదానికే మరలవలెనని నా అభిప్రాయము కాదు. క్రొత్త ఇంటిని కట్టకముందే పరీక్షింపవచ్చును. కంప్యూటరులో ఇంటి నమూనాను నిలిపి, గోడల మందమును, కప్పు పదార్థమును, కిటికీల దిక్కును, ఆ ఊరి ఎండగాలుల లెక్కలను అందించినచో, ఏ గదిలో ఏ గంటకు ఎంత వేడిమి యుండునో అది గణించి చూపును.

ఇచ్చట మే మొదటివారమునను, ఆగస్టు రెండవవారమునను మధ్యాహ్నసూర్యుడు నడినెత్తికి వచ్చును. నడుమ దినములలో కొంత ఉత్తరమునకు ఒరుగును. సాయంకాలపుటెండ పడమటి గోడను కాల్చును. కప్పుకు తెల్లసున్నము పూసిన నేమగును? పడమట పంచ దింపిన నేమగును? నమూనాలో మార్చి చూచుట సులభము. గోడ లేచిన పిదప మార్చుట ఖర్చు.

2018లో కేంద్రప్రభుత్వము వెలువరించిన ఎకో నివాస్ సంహిత, కప్పు మినహా గోడలు కిటికీల ద్వారా చొచ్చు వేడిమికి చదరపు మీటరుకు 15 వాట్ల పరిమితి విధించినది. ఈ పరీక్ష పట్టణపు మేడలకే చాలదు. శీతలయంత్రము కొనలేని ఒంటిగది ఇంటివానికి కప్పే దిక్కు. ముందు పరీక్షింపవలసినది అతని ఇల్లే.