చల్లని ఇంజను - సత్యము పలికిన సెన్సారు

పాత కారు గల గృహస్థునకు శీతకాలము పరీక్షాకాలము. వేసవిలో ఒక్క త్రిప్పుతో పలికిన ఇంజను పుష్యమాసపు వేకువను నాలుగు త్రిప్పులకుగాని పలుకదు. పలికినను దగ్గుచు, వెనుక నల్లని పొగ వదలుచు, వీధి చివరకు చేరులోపల రెండుమారులు ఆగును. మెకానిక్కును పిలిచినచో అతడు చెవియొగ్గి విని, "బండి బోరుకు వచ్చినదండీ" యని తేల్చివేయును. అనగా ఇంజనును విప్పి సిలిండర్లను తొలిపింపవలెనని. అది వేలకు వేలు వ్యయమగు పని. ఆ మాటకు బెదరి బండిని అయినకాడికి అమ్ముకొన్నవారిని మేమెరుగుదుము. కావున అంత దూరము పోకముందు ఇంటియొద్దనే చేయదగిన కొన్ని పరీక్షలను గూర్చి నేడు ముచ్చటింతుము.

చల్లని ఇంజనులో పెట్రోలు సరిగా ఆవిరి కాదు. లోపలి గోడలనంటుకొని ద్రవముగనే నిలచును. అందుచేత మొదటి కొన్ని నిమిషములు పెట్రోలు పాలు హెచ్చుగా నీయవలెను. కార్బురేటరు దినములలో ఈ పనికి చోకు ఉండెడిది. అనేక బండ్లలో దానిని లాగువాడును, మరల నెట్టువాడును నడుపువాడే. నెట్టుట మరచినచో నెలాఖరున పెట్రోలు లెక్క జ్ఞాపకము చేసెడిది. 1967లో జర్మనీ దేశపు బాష్ సంస్థవారి డీ-జెట్రానిక్ పద్ధతి ఫోక్స్‌వాగన్ కార్లలో అమరినప్పటినుండి ఈ పని క్రమముగా సెన్సారునకు సంక్రమించినది. మన దేశమున 2000 ప్రాంతమున మారుతి 800 వంటి చిన్న కార్లు సైతము కార్బురేటరును విడిచినవి.

ఈ సెన్సారు బొటనవ్రేలంత వస్తువు. దాని మొన ఇంజను నీటిలో మునిగియుండును. నీరు వేడెక్కిన కొలది దాని విద్యుత్ నిరోధము తగ్గును. పెక్కు కార్లలో 20 డిగ్రీల వద్ద 2,000 నుండి 3,000 ఓములుండునది, 80 డిగ్రీలకు 300 ఓముల ప్రాంతమునకు దిగును. మీ బండికి మాత్రము దాని సర్వీసు పుస్తకమే ప్రమాణము. కంప్యూటరు ఈ నిరోధమునుబట్టి వేడిని గ్రహించి పెట్రోలును కొలచిపెట్టును.

ఇందొక చిక్కు కలదు. తీగ కొసకు చిలుము పట్టినను నిరోధము పెరుగును. కంప్యూటరు దానిని చలి యని భ్రమించి, మండువేసవిలోను పెట్రోలు క్రుమ్మరించును. తీగ పూర్తిగా తెగినచో సున్నకు దిగువ 40 డిగ్రీల చలి యని తోచును. కొన్ని కంప్యూటర్లు ఆ అసంభవమును గుర్తించి దీపము వెలిగించును, పాతవి కొన్ని నమ్మి ఊరకుండును. బోనెట్ క్రింది వెచ్చదనమునకు చేరు ఎలుకలు తీగలను మహాప్రీతితో కొరుకును గనుక ముందుగా కంటితో చూచుట మేలు. ఎదుటి పలకపైనున్న ముల్లును జూచి ధైర్యపడరాదు. అనేక పాత బండ్లలో ముల్లునకు వార్త నందించు సాధనము వేరు, కంప్యూటరునకు నందించునది వేరు.

కావున మొదట అడుగవలసిన ప్రశ్న యిది: ఇంజను నిజముగా చల్లగా నున్నదా, లేక సెన్సారు అట్లని చెప్పుచున్నదా? ఈ ప్రశ్న వేయనందుకు మేము చెల్లించిన మూల్యమును చెప్పెదము.

మా బండి 2006 నాటిది. 2021 శీతకాలమున ఉదయ ప్రసారపు విధి మా వంతునకు వచ్చి, నాలుగున్నరకే ఇల్లు విడువవలసి వచ్చినది. నిర్జనమైన వీధులలో 12 కిలోమీటర్ల ప్రయాణము. నెల తిరుగులోపల లీటరునకు 16 కిలోమీటర్లు నడచిన బండి 11కు దిగినది. షెడ్డులో స్కానరు తగిలించి చూడగా ఏ దోషమును కనబడలేదు. కనబడలేదు గనుక ఊహలు మొదలైనవి. మొదట ప్లగ్గులు మార్చిరి. పిదప ఆక్సిజన్ సెన్సారు మార్చిరి. ఈ రెండవది పొగగొట్టములో నుండి, పెట్రోలు పాలు హెచ్చినదా తగ్గినదా యని చెప్పునది. కాని ఇంజను తగినంత వేడెక్కువరకు కంప్యూటరు దాని మాటను లెక్కింపదు. ఎవరును వినని సలహాదారును మార్చి ఏమి లాభము? మూడువేల రూపాయలు పోయినవి, పొగ పోలేదు.

ఒకనాడు చమురు కొలచు పుల్లను తీసి చూచితిమి. చమురు తరుగుటకు బదులు పెరిగియున్నది. వాసన చూడగా పెట్రోలు! కాలని పెట్రోలు సిలిండరు గోడలవెంట జారి చమురులో కలియుచున్నదన్నమాట. పలుచబడిన చమురు లోహమును కాపాడజాలదు. మరి రెండేండ్లు అట్లే నడిపినచో మెకానిక్కు చెప్పిన బోరు నిజమే అయ్యెడిది.

ఆ ఆదివారము, రాత్రియంతయు చల్లారిన బండిని కదపక మునుపే మల్టీమీటరుతో సెన్సారును కొలచితిమి. గోడమీది ఉష్ణమాపకము 18 డిగ్రీలు చూపుచుండగా, సెన్సారు అందుకు తగిన నిరోధమునే చూపినది. పిమ్మట ఇంజనును నడిపి, ఫ్యాను రెక్కలకు దూరముగా, రేడియేటరు పై గొట్టముమీద చేయి వేసితిమి. ఆరోగ్యము గల ఇంజనులో ఈ గొట్టము కొన్ని నిమిషములు చల్లగనే యుండి, తరువాత ఒక్కసారిగా వేడియగును. మాది మొదటినుండియే మెల్లమెల్లగా వెచ్చనగుచు వచ్చినది. ఇక సెన్సారుపై అనుమానమునకు తావు లేకపోయినది. అది ఇన్నాళ్లును సత్యమునే పలుకుచున్నది. ఇంజను నిజముగనే చల్లగా నున్నది.

ఇంజనునకు, రేడియేటరునకు నడుమ థర్మోస్టాట్ అను తలుపు కలదు. దానిలోని మైనము 82 డిగ్రీల ప్రాంతమున కరగి ఉబ్బి తలుపును త్రోయును. చల్లారినప్పుడు తలుపు మూతపడును. మా బండిలో దాని గూటిని విప్పించి చూడగా గూడు శూన్యము.

ఎవరు తీసిరని కోపగింపబోయి జ్ఞాపకము తెచ్చుకొంటిమి. 2019 మే నెలలో కర్నూలునుండి కడపకు పోవుచుండగా రేడియేటరు కారి బండి ఉడికిపోయినది. దారిప్రక్క మెకానిక్కు థర్మోస్టాటును చేతబట్టి, "మన ఎండలకు ఇదెందుకండీ" యనగా మేమే సంతోషముతో తలయూపితిమి. ఆ మాట నేటికిని మన షెడ్డులలో వినబడును. వాదము సబబుగనే తోచును. కాని ఎండకాలమున థర్మోస్టాట్ ఎట్లును తెరచుకొనును, దానిని తీసినందున కలుగు లాభము స్వల్పము. కొన్ని ఇంజన్లలో అది లేనిచో నీరు రేడియేటరునకు పోక అడ్డదారిన తిరిగి మరింత వేడెక్కును. కారుచున్న రేడియేటరును బాగుచేయించుటయే నాటి అసలు చికిత్స. మధ్యాహ్నపు రద్దీలో మెల్లగా నడచు బండికి లోపము తెలియదు; వేకువను ఖాళీ వీధిలో చల్లగాలికి ఎదురేగు బండికి తెలియును. రెండేండ్లు మేము దానిని గమనింపకుండుటకు అదియే కారణము.

క్రొత్తదానిని బిగించు ముందు పరీక్షించుట సులభము. పాత గిన్నెలో నీరు పోసి, థర్మోస్టాటును దారముతో అడుగునకు తగులకుండ వ్రేలాడదీసి, నీటిని కాచి, దానిపై ముద్రించిన డిగ్రీల వద్ద తెరచుకొనుచున్నదేమో చూడవలెను. జ్వరము చూచు థర్మామీటరును ఇందుకు వాడరాదు, పగిలిపోవును. ఆ గిన్నెను మా ఇంటిలో మరల పొయ్యి యెక్కనీయలేదు, న్యాయమే. వేడి ఇంజనుపై రేడియేటరు మూతను మాత్రము ఎన్నడును తీయరాదు. ఒత్తిడిలోనున్న ఆ నీరు 100 డిగ్రీలు దాటినను మరుగక, మూత వదలిన మరుక్షణమున ముఖముపైకి చిమ్మును.

థర్మోస్టాట్ ఖరీదు ఆరువందలకు లోపు. దానిని బిగించి, నీటి దారులలోని గాలిని వెడలగొట్టించి, పెట్రోలు కలిసిన చమురును మార్పించితిమి. నెల తరువాత లెక్క చూడగా లీటరునకు 15 కిలోమీటర్లు. నిష్కారణముగా తొలగించిన పాత ఆక్సిజన్ సెన్సారు కాగితములో చుట్టబడి మా బీరువాలో నున్నది.